ఊరి గ్రంథాలయంలో రచయితల సభలు, పుస్తక చర్చలు ఎలా నడపాలి?

మన దగ్గర పుస్తకం పేరుతో జరిగే సభల్లో చాలావాటికి పుస్తకంతో పని ఉండదు. వేదిక మీద పదకొండు మంది, ఎదురుగా పద్నాలుగు మంది కూర్చుంటారు. అధ్యక్షుల తొలిపలుకులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు అన్నీ పూర్తయ్యేసరికి రచయిత చేతికి మైకు వచ్చేది చివరి పది నిమిషాల్లో. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. నల్లగొండలో ఒక వాడ గ్రంథాలయంలో తొమ్మిది విడతలుగా ఇలాంటి సభలు నడుపుతున్నాను. మొదటి రెండు విడతలూ నేనూ అచ్చం ఇలాగే పాడుచేశాను కాబట్టి, మూడో విడత నుంచి ఏం మార్చుకున్నామో వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక తేడా గుర్తుంచుకోవాలి. పుస్తకావిష్కరణ వేరు, పుస్తక చర్చ వేరు. ఆవిష్కరణ రోజున ఆ పుస్తకాన్ని ఎవరూ చదివి ఉండరు. సమీక్షించడానికి వచ్చినవారు కూడా దారిలో బస్సులోనే పేజీలు తిప్పి వస్తారు. కాబట్టి ఆవిష్కరణలు గ్రంథాలయంలో పెట్టవద్దు. రచయితలు అడుగుతారు, పరిచయస్థులు ఒత్తిడి చేస్తారు, అయినా పెట్టవద్దు. అచ్చయి కనీసం ఆరు నెలలు గడిచిన పుస్తకాన్నే చర్చకు తీసుకోవాలి.

తేదీలు

ఒక విడతకు ఆరు సభలు సరిపోతాయి. పన్నెండు నెలలూ నడుపుతామని మొదలుపెట్టినవాళ్లను చాలామందిని చూశాను; ఎనిమిదో నెల వచ్చేసరికి నిర్వాహకులూ, వారి ఇంటివాళ్లూ మాత్రమే మిగులుతారు. ఆగస్టులో మొదలుపెట్టి ఫిబ్రవరిలో ముగించి, మధ్యలో దసరా వచ్చే నెలను వదిలేస్తే లెక్క సరిగ్గా ఆరుకు వస్తుంది. ఆగస్టు 12ను మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ పుట్టినరోజుగా జరుపుకుంటారు కనుక తొలి సభను ఆ వారంలో పెట్టుకుంటాం. నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో మాత్రం సభ పెట్టకూడదు. మనకు రావలసిన ఉపాధ్యాయులందరూ ఆ వారమంతా పిల్లలను వ్యాసరచన, వక్తృత్వ పోటీలకు తిప్పడంలో మునిగి ఉంటారు. డిసెంబర్‌లో హైదరాబాదు పుస్తక ప్రదర్శన మొదలైతే రచయితలు అక్కడి నుంచి కదలరు. పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు నడిపేవారు కార్తీకంలో కురుమూర్తి జాతరను, మాఘంలో మన్యంకొండ జాతరను, మా వైపువారు మాఘంలో చెర్వుగట్టు జాతరను క్యాలెండర్‌లో ముందే చుట్టిపెట్టుకోవాలి. పెళ్లి ముహూర్తాలు బలంగా ఉన్న ఆదివారాలనూ, గ్రూప్స్ పరీక్షలున్న ఆదివారాలనూ కొట్టివేస్తే నెలకు ఒకటో రెండో మిగులుతాయి. అదే తేదీ.

పరీక్షల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పాలి. ఈరోజు మన పట్టణాల్లో ఏ గ్రంథాలయం తలుపు తీసినా ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలే నిండి ఉంటారు. సభ పేరుతో వారిని లేపి బయటికి పంపడం పెద్ద తప్పు. సభ తేదీలను రెండు వారాల ముందే తలుపు మీద అంటించాలి, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా మాత్రమే గది తీసుకోవాలి, వీలుంటే వారికి పక్క వరండాలో బల్లలు వేయాలి. ఇలా మర్యాదగా అడిగితే కుర్చీలు సర్దేది కూడా ఆ పిల్లలే.

చోటు, సామగ్రి

ముప్పై అయిదు కుర్చీలు, రెండు జంపఖానాలు, తాగునీళ్లు, ఛార్జింగ్ లైటు ఒకటి, పక్క హోటల్లో ముందే చెప్పిన టీ. ఇంతే. నలభై మంది లోపు అయితే మైకు పెట్టవద్దు. మైకు చేతికొస్తే మామూలు మనిషి కూడా ఉపన్యాసకుడవుతాడు. ఫ్లెక్సీ అక్కరలేదు. వేదిక అసలే వద్దు.

ఫంక్షన్ హాలు ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా గ్రంథాలయం గదినే వాడాలి. 1918 నాటికే నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయం ఉంది. 1922లో ఇదే ఊరి నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రికను నడిపారు. బహిరంగ సభకు నిజాం సర్కారు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉన్న కాలంలో నలుగురు కూర్చుని తెలుగులో చదువుకొని మాట్లాడుకునే చోటు గ్రంథాలయమే. పుస్తకాల బీరువాలు చుట్టూ ఉన్న గదిలో మాట్లాడే మనిషి గొంతు దానంతటదే తగ్గుతుంది. మూడు వందల కుర్చీల హాలులో ముప్పై మంది కూర్చుంటే ఆ ఖాళీ అందరి ముఖాల్లోనూ కనిపిస్తుంది.

పుస్తకం, రచయిత

రెండు వందల పేజీలు దాటని పుస్తకాన్ని ఎంచుకోవాలి. ఆరింటిలో నాలుగు రచయిత వచ్చేవి, ఒకటి అనువాదకులు వచ్చేది, ఒకటి ఎవరూ రానిది, అంటే కీర్తిశేషులైన రచయితది. నాలుగింటిలో ఒకటైనా ఈ జిల్లాల మనిషి రాసినది కావాలి. ఇది అభిమానం కోసం చెప్పడం లేదు. తమ ఊరి పక్క వాగు పేరు పుస్తకంలో కనిపించినప్పుడు పాఠకుడు దానిని వేరే కళ్లతో చదువుతాడు.

పది ప్రతులు కొనాలి. రచయితను ఉచితంగా పంపమని అడగడం, అందులోనూ సంతకం చేసి పంపమనడం మన దగ్గర ఒక దురలవాటుగా మారింది. డబ్బు పెట్టి కొనండి. ఒక్కో ప్రతిని ముగ్గురికి, ఒక్కొక్కరికి ఎనిమిది రోజుల చొప్పున ఇస్తే ఇరవై నాలుగు రోజుల్లో ముప్పై మంది చదువుతారు. అందుకే ప్రతులు సభకు అయిదు వారాల ముందు చేతికి రావాలి. ఎవరి తర్వాత ఎవరికి వెళ్లాలో అట్ట లోపల చీటీ మీద మూడు పేర్లూ రాసి అంటించాలి. గ్రంథాలయానికి తిరిగి వచ్చి మళ్లీ వెళ్లే పద్ధతి పెడితే మధ్యలో నాలుగేసి రోజులు పోతాయి.

రచయితకు రెండు నెలల ముందు ఉత్తరం, వారం ముందు ఫోన్, ముందు రోజు మరొక ఫోన్. హైదరాబాదు నుంచి నల్లగొండకైనా మహబూబ్‌నగర్‌కైనా దాదాపు వంద కిలోమీటర్లు. పోనూ రానూ అయిదు గంటలు బస్సులో గడిపి వచ్చే మనిషికి ప్రయాణ ఖర్చులెంత, గౌరవంగా ఇవ్వగలిగేదెంత అన్నది పిలిచేటప్పుడే చెప్పాలి, టీ కన్నా ముందే కవరు ఇచ్చేయాలి. తిరుగు బస్సు ఎన్నింటికో కూడా అడిగి రాసుకోవాలి. రెండో విడతలో ఒక నాయకుణ్ణి ముఖ్య అతిథిగా పిలిచి, ఆయన వచ్చేదాకా గంటా నలభై నిమిషాలు అందరమూ గేటువైపు చూస్తూ కూర్చున్నాం. ఆయన వచ్చారు, పుస్తకం పేరు తప్పుగా పలికారు, ఫొటో దిగి వెళ్లారు. రచయిత్రి పన్నెండు నిమిషాలు మాట్లాడి బస్సుకు పరుగెత్తింది. ఆ తర్వాత మా గ్రంథాలయంలో ముఖ్య అతిథి అన్న మాటే లేదు. నాయకులు రావచ్చు, పుస్తకం చదివి వచ్చి అందరితోపాటు కూర్చోవచ్చు.

చర్చ మొదలయ్యే పావుగంట

ఇక్కడి దాకా ఎవరైనా చేయగలరు. సభ చెడేది మొదటి పావుగంటలోనే. అప్పుడు చెడితే మిగతా రెండు గంటల్లో ఎంత తంటాలు పడ్డా బాగుపడదు కాబట్టి, ఈ భాగాన్ని నెమ్మదిగా చదవండి.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం: రచయిత ముందు మాట్లాడకూడదు. మొదటి నలభై నిమిషాలు పాఠకులవి, తర్వాతి అరగంట రచయితది, ఆపైన ఇరవై నిమిషాలు ప్రశ్నలు. రాష్ట్రమంతటా దీనికి తలకిందులుగా చేస్తారు. రచయిత ప్రసంగం, తర్వాత ‘ప్రశ్నలేమైనా ఉంటే అడగండి’. అలా చేస్తే ఏమవుతుందో పదిసార్లు చూశాను. రచయిత తన పుస్తకం గురించి ఏం చెప్పారో అదే పుస్తకమైపోతుంది. పాఠకుడు తాను ఇంట్లో కూర్చుని చదివినప్పుడు తోచినదాన్ని లోపలే మింగేసి, ‘మీకు ఈ ఆలోచన ఎలా వచ్చింది?’, ‘రోజుకు ఎన్ని గంటలు రాస్తారు?’ అని అడిగి కూర్చుంటాడు. రాసిన మనిషి ఎదుట తన అర్థం తప్పేమోనన్న భయం అది. రచయిత ఇంకా నోరు విప్పకముందే నలుగురు తమకు తోచింది చెప్పేస్తే ఆ భయానికి చోటుండదు.

ఈ నియమాన్ని రచయితకు ఫోన్‌లో ఒకసారి, గదిలో కూర్చోబోయే ముందు మరొకసారి చెప్పాలి. ఒప్పుకుంటారు, కానీ ఉండబట్టలేరు. ఎవరో పాఠకురాలు ఒక పాత్రను అపార్థం చేసుకున్నట్టు కనిపించగానే ‘అది కాదమ్మా, అక్కడ నా ఉద్దేశం...’ అని ముందుకు వంగుతారు. వంగగానే చర్చ నడిపేవారు చిరునవ్వుతో చేయి అడ్డం పెట్టాలి. ఇందుకోసమే రచయితను మీ ఎదురుగా కాక మీ ఎడమ పక్క కుర్చీలో కూర్చోబెట్టుకోవాలి. ఆయన చేతికి ఒక కాగితం, పెన్ను ఇవ్వండి. రాసుకునే పని ఉన్న మనిషి కొంత ఓపిక పడతాడు.

కుర్చీలు వలయంగా వేయాలి. వరుసలు వేస్తే వెనక వరుస పుడుతుంది. వెనక వరుస పుడితే ఆడవాళ్లందరూ అందులో, అదీ తలుపు దగ్గర, కూర్చుంటారు. అలా కూర్చున్నవాళ్లను ‘మీరు కూడా ఏమైనా చెప్పండమ్మా’ అని పిలవడం వారిని ఇబ్బంది పెట్టడమే. వలయంలో ఎవరి పక్కన ఎవరన్నది కూడా యాదృచ్ఛికంగా వదిలేయకూడదు. మనకు ఎదురుగా కూర్చున్న మనిషి మన కళ్లు చూసి ఎక్కువ మాట్లాడతాడు, పక్కన కూర్చున్న మనిషి తక్కువ మాట్లాడతాడు. కాబట్టి ఊళ్లో ఉపన్యాసాలకు పేరుపడ్డ పెద్దమనిషి ఎవరైనా వస్తే, గౌరవంగా చేయి పట్టుకొని తీసుకొచ్చి మీ కుడి పక్కనే కూర్చోబెట్టుకోండి. ఆయన మీకు బడిలో పాఠం చెప్పిన సారే అయి ఉండవచ్చు, మధ్యలో ఆపలేరు. పక్కన కూర్చోబెట్టుకోవడమే ఆపడం. ఎదురుగా మాత్రం బాగా చదివి, మాట్లాడడానికి వెనుకాడే ఇద్దరు ముగ్గురిని ఉంచాలి.

మీరు మాట్లాడేది మూడు వాక్యాలే: పుస్తకం పేరు, రచయిత పేరు, మా పద్ధతి ఏమిటి. కథ చెప్పకూడదు. చదవనివారి కోసం కథ చెబుదామనే దయ పుట్టిందంటే, చదివివచ్చిన ఇరవై అయిదు మందినీ అవమానించినట్టే. మా పద్ధతి ఒకటే. మాట్లాడాలనుకున్నవారు ముందు పేజీ సంఖ్య చెప్పాలి, అందరూ ఆ పేజీ తీసేదాకా ఆగాలి, తమను పట్టి నిలిపిన వాక్యాన్ని పైకి చదవాలి, ఆ తర్వాతే తమ మాట చెప్పాలి. పేజీ చెప్పనివారికి వంతు లేదు.

ఈ ఒక్క నియమంతో సగం రోగాలు కుదురుతాయి. ‘పుస్తకం అద్భుతంగా ఉంది, నేటి సమాజానికి ఇలాంటివి ఎంతో అవసరం’ అని మొదలుపెట్టినవారిని ‘ఏ పేజీ సార్?’ అని అడిగితే చాలు. పుస్తకం చదవకుండా వచ్చినవారు తమంతట తామే శ్రోతలవుతారు. వాదన ముదిరి, ‘మా దిక్కు ఇట్ల అనరు, ఇది తెలంగాణ మాటే కాదు’ అని ఇద్దరు లేచినప్పుడు కూడా మళ్లీ పేజీకే తీసుకురావచ్చు: ఆ మాట అన్నది ఎవరు, ఏ ఊరి పాత్ర, ఎవరితో అంటున్నది? యాస గురించిన గొడవ పాత్ర గురించిన చర్చగా మారడానికి రెండు నిమిషాలు పడుతుంది. కొందరు నిర్వాహకులు ముందే ప్రశ్నల పట్టిక తయారుచేసి పంచుతారు. అది బడిపిల్లల ప్రశ్నపత్రంలా ఉంటుంది, జవాబులూ అలాగే వస్తాయి. మాకది అక్కరలేదు.

మొదట మాట్లాడేదెవరో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. అందరికన్నా పెద్ద చదువరి మొదట మాట్లాడకూడదు. ఆయన సిద్ధాంతాల పేర్లు నాలుగు పలికితే మిగతావారి నోళ్లు మూతపడతాయి. గట్టిగా, తడబడకుండా ఒక వాక్యం చదవగలిగి, ‘ఇది నాకు అర్థం కాలేదు’ అని సిగ్గుపడకుండా చెప్పగలిగిన మనిషి మొదట కావాలి. అది ఇంటర్ చదివే అమ్మాయి అయితే మరీ మంచిది.

ఆమె మాట్లాడి ఊరుకున్నాక ఒక నిశ్శబ్దం వస్తుంది. ప్రతి సభలోనూ వస్తుంది, తప్పదు. పంకాల చప్పుడు వినిపిస్తుంది, ఎవరో దగ్గుతారు, రచయిత మీ ముఖంలోకి చూస్తారు. ఆ క్షణంలో చర్చ నడిపేవారికి కాళ్లు చల్లబడి, ఏదో ఒకటి మాట్లాడేస్తారు. మాట్లాడారా, ఇక ఆ సాయంత్రమంతా మాట్లాడేది మీరే. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. తల వంచి పేజీలు తిప్పండి, ఎవరి ముఖమూ చూడవద్దు. నేను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఇరవై పూర్తిగా లెక్కపెట్టే అవసరం రాలేదు. పద్నాలుగు, పదిహేను దగ్గర ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు.

ఆరో విడతలో ఒక సాయంత్రం అలా గొంతు సవరించుకున్నది రిటైరైన బస్సు కండక్టర్ ఒకాయన. మా ప్రతుల మార్జిన్లలో పెన్సిల్‌తో టికెట్ల మీద గీసినట్టు గీతలు పెట్టాడని నాకు ఆయన మీద అప్పటికే కోపం. ‘అరవై రెండో పేజీ’ అన్నాడు. అందరూ తీశారు. ఎడ్లతో నీళ్లు తోడే మోట బావి దగ్గరి దృశ్యం అది: నిండిన బొక్కెన పైకి వస్తుంటే ఎడ్లు రొప్పుతూ దారి ఎక్కుతున్నాయని ఉంది. ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, అద్దాలు తీసి, ‘సార్, నిండిన బొక్కెన పైకొచ్చేటప్పుడు ఎడ్లు ఎక్కవు, దిగుతయి. దారి బావి నుంచి కిందికి వాలుగ ఉంటది, వాటి బరువు కూడ గుంజుడుకు పనికొస్తది. నీళ్లు కాలువల పడినంక ఖాళీ బొక్కెన దింపేటప్పుడు వెనకకు ఎక్కుతయి. మా నాయన మోట కొట్టిండు, నేను తాడు మీద కూసున్న’ అన్నాడు. తాడు మీద కూర్చునేది ఎందుకో తెలియని పిల్లలకు, దిగే ఎడ్లకు మనిషి బరువు తోడవడానికని పక్కనున్న మరొకాయన చెప్పాడు. అక్కడి నుంచి బొక్కెన నీళ్లు బయటికి పోసే తొండం ఎప్పుడు జారవిడుస్తారు, మోటపాట ఎక్కేటప్పుడు పాడతారా దిగేటప్పుడా అని అరగంట నడిచింది. రచయిత ఒక్క మాట అనకుండా తన సొంత ప్రతి తీసి అరవై రెండో పేజీలో దిద్దుకున్నారు. తన వంతు వచ్చినప్పుడు, ఆ దృశ్యాన్ని తాను చూసి రాయలేదని, విని రాశానని చెప్పారు. రచయిత ప్రసంగంతో మొదలైన ఏ సభలోనైనా ఆ కండక్టరు ఆ వాక్యం గురించి లేచి ఉండేవాడని నేను నమ్మను.

నలభై నిమిషాలు కాగానే, చర్చ ఎంత రసపట్టులో ఉన్నా ఆపి రచయితకు అప్పగించాలి. రచయిత కూడా ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కరలేదు. కాగితం మీద రాసుకున్నవే ఆయనకు దారి.

టీ, కవితలు, రిజిస్టర్

మన సభలకు వచ్చేవారిలో కొందరి చొక్కా జేబులో సొంత కవిత మడతపెట్టి ఉంటుంది. దాన్ని చదవనివ్వకపోతే నొచ్చుకుంటారు, చర్చ మధ్యలో చదవనిస్తే చర్చ పోతుంది. టీ తర్వాత పదిహేను నిమిషాలు వారికని ముందే ప్రకటించండి. అప్పటిదాకా ఓపికగా ఉంటారు. రచయితకు బస్సు ఉంటే ఆ సమయంలో వెళ్లిపోవచ్చు. వందన సమర్పణ వద్దు. శాలువా తప్పదనుకుంటే టీ దగ్గర కప్పండి, ఫొటో ఒకటి చాలు.

ఒక రిజిస్టర్ పెట్టి, ఎవరు ఏ పేజీ గురించి మాట్లాడారో మాత్రమే రాయాలి. పేరు, పేజీ సంఖ్య; అంతకన్నా ఎక్కువ రాయబోతే రాసేవారు వినలేరు. వచ్చే ఏడాది అదే పుస్తకాన్ని కాలేజీ పిల్లలతో చదివించినప్పుడు ఆ పేజీల వరుసే పనికొస్తుంది. పది ప్రతులూ ఆ సాయంత్రమే వెనక్కి తీసుకోవాలి. రేపు ఇస్తామన్నవి రెండు నెలల దాకా రావు. వచ్చే నెల పుస్తకం ప్రతులు బల్ల మీద సిద్ధంగా పెట్టుకొని, పాత ప్రతి ఇచ్చినవారి చేతికే కొత్త ప్రతి ఇచ్చి, చీటీలో మొదటి పేరు అక్కడికక్కడే రాయండి. కండక్టరు గారికి మాత్రం పుస్తకంతోపాటు ఒక తెల్ల కాగితం కూడా ఇస్తున్నాం, గీతలు దాని మీద పెట్టుకోమని. ఇప్పటికీ మార్జిన్‌లోనే పెడుతున్నాడు.